పులిపిరి చలికి రాలుతుంది

గిద్దలూరు నుంచి కంభం, బేస్తవారిపేట మీదుగా మార్కాపురం వచ్చేలోపు ఏ పశువుల ఆస్పత్రిలోకి తొంగిచూసినా సాధారణంగా ఒక మూలన అల్యూమినియం జాడీ కనిపిస్తుంది. మెడ సన్నం, పొట్ట లావు. గేదె ఎదకొచ్చిందని పొద్దున్నే తోలుకొచ్చిన రైతు బయట నిలబడి ఉంటాడు. లోపల డాక్టరో, పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రో జాడీ మూత తీయగానే తెల్లటి పొగ మెడ దాటి కిందికి జారి నేల మీద పాకుతుంది. పొడవాటి పట్టకారుతో సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని పైకి లాగి, ఆలస్యం చేయకుండా గోరువెచ్చని నీళ్లలో ముంచుతారు. అర నిమిషం చాలు. ఎప్పుడో గడ్డకట్టించిన ముర్రా దున్న వీర్యమో, ఒంగోలు ఆబోతు వీర్యమో మళ్లీ చలనంలోకి వస్తుంది.

ఆ జాడీలో ఉండేది ద్రవ నత్రజని. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్న నత్రజనినే మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరిస్తే నీళ్లలా పారే ద్రవమవుతుంది. చర్మవ్యాధుల డాక్టరు చేతి మీది పులిపిరిని, మెడ మీది కాయని రాల్చడానికి వాడే మందు కూడా ఇదే. కోత లేదు, కుట్టు లేదు, చాలాసార్లు మత్తు సూది కూడా అక్కర్లేదు. గిద్దలూరు, మార్కాపురం ప్రాంతంలో పాడి రైతులకు ఇంతగా అలవాటైన ఈ ద్రవం, అదే రైతు అరచేతిలో పులిపిరి లేస్తే మాత్రం అందనంత దూరమైపోతుంది. ఈ కథనం ఆ దూరం గురించే.

సున్నం, సోడా, జిల్లేడు పాలు

పులిపిరికి కారణం వైరస్. హ్యూమన్ పాపిలోమా వైరస్ అంటారు. 1907లో ఇటలీ వైద్యుడు జుసెప్పె చుఫో పులిపిరిని నూరి, ఆ రసాన్ని బ్యాక్టీరియా కూడా దాటలేనంత సన్నని వడపోతలో వడగట్టి, చర్మం మీద రుద్ది మళ్లీ పులిపిరి లేస్తుందని చూపించాడు. బ్యాక్టీరియా కంటే చిన్నదేదో దీనికి మూలమని అప్పుడే తేలింది. ఈ వైరస్‌లో ఇప్పటికి 200కు పైగా రకాలు గుర్తించారు. చేతులకూ కాళ్లకూ పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే 16, 18 రకాలు వేరు. ఫోన్‌లో పేరు చదివి పిల్లాడి వేలి మీద పులిపిరి క్యాన్సరవుతుందేమోనని బెంగపడే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెప్పాలి. మామూలు పులిపిరి క్యాన్సర్ కాదు. గేదె పొదుగు మీద కనిపించే పులిపిర్లు కూడా వేరే వైరస్ వల్ల వచ్చేవే. పాలు పితికేవాళ్లకు అవి అంటవు.

వైరస్ లోపలికి చొరబడాలంటే చర్మంలో సందు కావాలి. గీరుకుపోయిన వేలు, నీళ్లలో నానిన పాదం, కొరికిన గోరు దగ్గర లేచిన తోలు దానికి చాలు. పలకల గనుల్లో రాతి పొరలు విడదీసేవాళ్లకూ, మిల్లుల్లో పలకలు కోసి అంచులు రుద్దేవాళ్లకూ, మిరపకాయలు కోసేవాళ్లకూ, కంప కొట్టేవాళ్లకూ చేతి గాయాలు రోజూ ఉండేవే. గడ్డం గీసే బ్లేడు కూడా అంతే. గడ్డంలో ఒక్క పులిపిరి ఉండి, దాని మీదుగా రోజూ బ్లేడు నడిస్తే కొన్నాళ్లకు దవడంతా వరసగా లేస్తాయి.

ఇక ఊళ్లో మందులకు కొదవ లేదు. బట్టల సోడా, తడి సున్నం కలిపి పులిపిరి మీద పెట్టడం మన దగ్గర చాలా పాత పద్ధతి. ఈ రెండూ కలిస్తే తయారయ్యేది కాస్టిక్ సోడా. అది పులిపిరిని తినేస్తుంది, నిజమే. కానీ ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. పక్కనున్న మంచి చర్మాన్నీ, దాని కిందినీ కాల్చేస్తుంది. నల్లజీడి నూనె తగిలితే చర్మం పొక్కి రసి కారుతుంది, మచ్చ మిగిలిపోవచ్చు. జిల్లేడు పాలు ఇంకా ప్రమాదం. పెట్టిన వేలితో కన్ను నలుపుకుంటే నల్లగుడ్డు పైపొర వాచి చూపు మసకబారుతుంది. మెడ మీది కాడ ఉన్న కాయకు వెంట్రుక బిగించి కట్టడం కొంత నయం. రక్తం ఆగి అది ఎండి రాలొచ్చు. చీము పట్టి వాచినా ఆశ్చర్యం లేదు.

అయినా ఈ మందులన్నిటికీ సాక్షులు దొరుకుతారు. ఎందుకంటే పిల్లల్లో పులిపిర్లు ఏ మందూ లేకుండా కూడా పోతాయి. 1963లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో పిల్లలను రెండేళ్లపాటు గమనిస్తే మూడింట రెండొంతుల పులిపిర్లు వాటంతటవే మాయమయ్యాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ వైరస్‌ను ఆలస్యంగా గుర్తుపడుతుంది. పట్టాక మాత్రం వదలదు. ఆ వారం ఎవరు ఏం పూసి ఉంటే ఆ పేరు దానికొస్తుంది. నొప్పి లేని పులిపిరిని పదేళ్ల పిల్లాడి చేతిమీద కొన్నాళ్లు అలాగే ఉండనివ్వడం తప్పేమీ కాదు. డాక్టరు కూడా చాలాసార్లు అదే చెబుతాడు.

ఒకే చలి, రెండు పనులు

ఆబోతు వీర్యాన్ని ఏళ్ల తరబడి సజీవంగా కాపాడే చలి, పులిపిరిని ఎలా చంపుతుంది? నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

కణాన్ని చంపేది చలి ఒక్కటే కాదు, మంచు ముక్కలు కూడా. కణం లోపలి నీరు గడ్డకట్టినప్పుడు సూది మొనల్లాంటి స్ఫటికాలు ఏర్పడి లోపలి పొరల్ని చీల్చేస్తాయి. వీర్యాన్ని నిల్వ చేసేవాళ్లకు ఇదే పెద్ద ఆటంకంగా ఉండేది. 1949లో ఇంగ్లండ్‌లో క్రిస్ పోల్జ్, ఆయన సహచరులు గ్లిసరాల్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతాయని కనిపెట్టారు. గ్లిసరాల్ కలిపి, నెమ్మదిగా చల్లబరిచి, వాడేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో గబుక్కున కరిగిస్తారు. స్ఫటికాలకు పెరిగే వ్యవధి దొరకదు.

చర్మ డాక్టరు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. రక్షణగా ఏ గ్లిసరాలూ ఉండదు. చలిని ఒక్కసారిగా తగిలిస్తాడు, కరగడాన్ని మాత్రం తొందరపెట్టడు. నెమ్మదిగా కరిగేటప్పుడు చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవవుతాయి, కణాలు పగులుతాయి. పులిపిరికి రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోతాయి. చచ్చిన కణాల చుట్టూ వాపు వస్తుంది. ఆ వాపుతో, దాక్కున్న వైరస్ సంగతి ఒంటికి తెలుస్తుందని కూడా వైద్యులు భావిస్తారు. చర్మానికి గట్టిదనం ఇచ్చే కొల్లాజెన్ నారలు ఈ చలిని చాలావరకు తట్టుకుంటాయి. అందుకే కాల్చిన దానికంటే, కోసిన దానికంటే చలి పెట్టిన చోట మచ్చ తక్కువ.

వైద్యంలోకి ఈ చలి మెల్లగా వచ్చింది. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో జేమ్స్ ఆర్నాట్ ఉప్పు, మంచు కలిపి కణితుల నొప్పి తగ్గించాడు. 1883లో పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్‌షెవ్‌స్కీ నత్రజనిని ద్రవంగా మార్చారు. 1892లో జేమ్స్ డ్యూవర్ రెండు గోడల మధ్య గాలి లేని పాత్ర చేశాడు. పశువుల ఆస్పత్రి జాడీ ఆ పాత్ర వారసురాలే. న్యూయార్క్‌లో క్యాంప్‌బెల్ వైట్ 1899లో ద్రవంగా మార్చిన గాలితో పులిపిర్లకు వైద్యం చేసినట్టు రాశాడు. 1950లో కాలిఫోర్నియా డాక్టరు హెర్మన్ అలింగ్టన్ దూదిపుల్లను ద్రవ నత్రజనిలో ముంచి పులిపిరికి అద్దాడు. ఇప్పటికీ స్ప్రే లేని చోట దూదిపుల్లే వాడతారు.

బల్ల మీద పది సెకన్లు

వైద్యం చూడటానికి వింతగా ఏమీ ఉండదు. ముందు డాక్టరు పులిపిరి మీద మొద్దుబారిన తోలును బ్లేడుతో పలచగా చెక్కుతాడు. తర్వాత అర లీటరు పట్టే చేతి స్ప్రే తీసుకుని, దాని ముక్కును సెంటీమీటరు దూరంలో పెట్టి మీట నొక్కుతాడు. సన్నగా బుస్సుమంటుంది. చర్మం తెల్లబడుతుంది, ఆ తెలుపు పులిపిరిని దాటి చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు పాకేదాకా ఆగి, అక్కడి నుంచి ఐదు పది సెకన్లు లెక్కపెడతాడు. ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. మొదట చలి తెలుస్తుంది, వెంటనే చురుక్కుమని మంట, కరిగేటప్పుడు సలుపు. గోరు పక్కన, అరికాల్లో అయితే సలుపు ఆ సాయంత్రందాకా ఉంటుంది. అందుకే మరీ చిన్నపిల్లలకు దీన్ని ఎంచుకోరు.

మర్నాటికి బొబ్బ లేస్తుంది. ఒక్కోసారి అందులో రక్తం చేరి నల్లగా ఉంటుంది. ఇది చూసి వైద్యం వికటించిందని చాలామంది హడలిపోతారు. అది మామూలే. గిల్లకూడదు, సున్నం పెట్టకూడదు, పసుపు అద్దకూడదు. సబ్బు నీళ్లతో కడిగి పొడిగా ఉంచితే చాలు. బొబ్బ మరీ బిగుసుకుపోతే డాక్టరు సూదితో నీరు తీస్తాడు. వారం రెండు వారాల్లో పక్కు కట్టి రాలుతుంది. చీము, జ్వరం, చుట్టూ పాకే ఎరుపు కనిపిస్తే మాత్రం ఆగకూడదు.

ఒక్కసారితో పోతే అదృష్టం. ఎక్కువమందికి రెండు మూడు వారాల ఎడంతో మూడు నాలుగు సార్లు పెట్టాల్సి వస్తుంది. మొదటిసారి పక్కు రాలగానే పోయిందనుకుని రెండోసారి రాకపోవడం వల్లే చాలా పులిపిర్లు మళ్లీ మొలుస్తాయి.

చేతికి ఒక లెక్క, కాలికి ఒక లెక్క

చలి వైద్యం గొప్పదని రాసేటప్పుడు అది ఎక్కడ గొప్పది కాదో కూడా రాయాలి. 2010లో నెదర్లాండ్స్‌లో 250 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. కొందరికి ద్రవ నత్రజని, కొందరికి శాలిసిలిక్ ఆమ్లం పూత, కొందరికి ఏమీ ఇవ్వకుండా ఎదురుచూడటం. చేతుల మీద వచ్చే మామూలు పులిపిర్లు 13 వారాల్లో చలితో 49 శాతం మందికి పోతే, పూతతో 15 శాతం మందికి, ఊరికే ఉన్నవాళ్లలో 8 శాతం మందికి పోయాయి. అంటే చేతికి చలిదే పైచేయి. అరికాలి పులిపిర్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మరుసటి ఏడు బ్రిటన్‌లో 240 మంది అరికాలి పులిపిర్ల మీద చేసిన పరీక్షలో 12 వారాలకు చలితో 14 శాతం, పూతతో 14 శాతం. సరిసమానం.

గిద్దలూరులోనో రాచర్లలోనో ఉన్న మనిషికి ఈ అంకెలు బస్సు చార్జీలతో సమానం. అరికాలి పులిపిరికి దూరాభారం పెట్టుకుని తిరిగే ముందు మందుల షాపులో దొరికే శాలిసిలిక్ ఆమ్లం పూతను డాక్టరు సలహాతో మూడు నెలలు వదలకుండా వాడి చూడొచ్చు. రాత్రి పాదాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడిన తోలును రాతితో రుద్ది, పులిపిరి మీద మాత్రమే పూయాలి. ఆ రుద్దే రాయి ఇంట్లో ఇంకొకరు వాడకూడదు. ముఖానికి ఈ పూత పనికిరాదు. షుగర్ ఉన్నవాళ్లు, పాదం తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లు పూతైనా చలైనా సొంతంగా మొదలుపెట్టకూడదు.

అసలు అది పులిపిరేనా, ఆనెకాయా? చెప్పుల్లేకుండా చెలకల్లో నడిచే కాళ్లకు, బిగుతు చెప్పులు వేసుకునే కాళ్లకు ఆనెలు సహజం. ఆనె మీద నేరుగా అదిమితే నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి పిసికితే నొప్పి. ఆనె మీదుగా పాదం గీతలు తెగకుండా సాగిపోతాయి, పులిపిరి దగ్గర పక్కకు తప్పుకుంటాయి. పైతోలు చెక్కితే పులిపిరిలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి వేళ్లు కావు, గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. ఆనెకు కావాల్సింది ఒత్తిడి తగ్గించే చెప్పు. చలి కాదు.

తెల్ల మచ్చ భయం

మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటికి చలి వైద్యంలో ఒక చిక్కుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు చలికి చాలా సుకుమారం. మైనస్ 4 నుంచి మైనస్ 7 డిగ్రీలకే చనిపోతాయి. పులిపిరి ఉండే పైపొర కణాలు చావాలంటే మైనస్ 20, మైనస్ 30 దాకా పోవాలి. కాబట్టి పులిపిరి పోయిన చోట కొన్ని నెలలు తెల్లగా మిగలొచ్చు. చాలామందికి అంచుల నుంచి మళ్లీ రంగు కమ్ముకుంటుంది. కొందరికి ఆ తెలుపు ఉండిపోతుంది. యూరప్ పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టే ఈ సంగతి మన దగ్గర పెళ్లి సంబంధాల్లో అడ్డుపడుతుంది. చెయ్యి మీద తెల్ల చుక్క చూసి బొల్లి అనుకునేవాళ్లున్నారు. అది బొల్లి కాదు, పెరగదు, అంటదు. బొల్లి కూడా అంటువ్యాధి కాదు, అది వేరే మాట. ఈ సంగతి ముందే చెప్పి, రోగి ఒప్పుకున్నాకే స్ప్రే పట్టుకోవడం డాక్టరు బాధ్యత. ముఖం మీద అయితే మరీ జాగ్రత్త. నడివయసులో ఆడవాళ్ల బుగ్గల మీద, కళ్ల కింద వచ్చే చిన్న నల్లటి గింజలకు చలి కంటే సన్నని కరెంటు సూదితో తేలిగ్గా తాకించడమే మన చర్మానికి మేలు.

పెద్దవాళ్ల వీపు మీద, ఛాతీ మీద మైనం అంటించినట్టు పైకి లేచి ఉండే గోధుమ రంగు పొలుసుల కాయలు చలికి బాగా లొంగుతాయి. అవి వయసుతో వచ్చేవి, హాని చేయవు, దురద పెడితేనో బట్టకు తగులుతుంటేనో తీయించుకోవచ్చు. మెడ చుట్టూ, చంకల్లో కాడలతో వేలాడే చిన్న కాయలకు చలి పెట్టినా, కత్తిరించినా సరే. వాటితోపాటు మెడ వెనక చర్మం మందంగా నల్లబడి ఉంటే అసలు చేయించాల్సింది షుగర్ పరీక్ష. పిల్లల ఒంటి మీద ముత్యం రంగులో, మధ్యలో చిన్న గుంటతో ఉండే గింజలు కూడా వైరస్‌వే, ఎక్కువగా ఏడాది ఏడాదిన్నరలో వాటంతటవే పోతాయి. చర్మం కింద కదిలే కొవ్వుగడ్డకు చలి పనిచేయదు.

చలి అస్సలు పెట్టకూడనివి ఉన్నాయి. ఏమిటో తెలియని నల్లమచ్చ మొదటిది. మన దేశంలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ అరుదే కానీ, వచ్చినప్పుడు అరికాల్లో, గోరు కింద వస్తుంటుంది. ముల్లు గుచ్చుకుందనో రక్తం గడ్డకట్టిందనో పొలం పనివాళ్లు పట్టించుకోని చోటు అది. పాదంలో నల్లమచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరగా పాకుతున్నా, రంగులు మారుతున్నా, మానకుండా రక్తం చెమ్ముతున్నా ముక్క తీసి పరీక్షకు పంపాలి. చలి పెడితే పంపడానికి ముక్క మిగలదు, జబ్బు లోపల పెరుగుతూ ఉంటుంది. చలికి ఒళ్లంతా దద్దుర్లు లేచేవాళ్లు, చన్నీళ్లకే వేళ్లు తెల్లబడి నీలమయ్యేవాళ్లు కూడా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

మూడు వారాలకొక రోజు

ఇంత తేలికైన వైద్యం చిన్న పట్నాలకు ఎందుకు తేలిగ్గా రాదు? మందు ఖరీదు వల్ల కాదు. ద్రవ నత్రజని వాడినా వాడకపోయినా ఆవిరైపోతూ ఉంటుంది. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. బిగుతు మూతేస్తే పాత్ర పేలుతుంది, గాలాడని గదిలో ఒలికితే ఊపిరాడదు. రోజుకు ఇద్దరు ముగ్గురు పులిపిరి రోగులొచ్చే క్లినిక్‌లో జాడీ నింపుకుంటే, రోగి వచ్చేసరికి సగం గాల్లో కలిసిపోతుంది. అందుకే మన దేశంలో చాలామంది చర్మ డాక్టర్లు కరెంటుతో కాల్చే యంత్రాన్ని నమ్ముకుంటారు. దానికి మత్తు సూది కావాలి, మచ్చ కొంచెం ఎక్కువ. అయినా మంచి చేతుల్లో అది కూడా సరైన వైద్యమే.

గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి నల్లమల గుండా రైల్లో నంద్యాల పోవచ్చు. అక్కడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మార్కాపురంవాళ్లకు ఒంగోలు, గుంటూరు దారి. ఎటు వెళ్లినా జాడీలో నత్రజని ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరాలి, లేకుంటే రోజు కూలీ పోతుంది. నాలుగు విడతలంటే నాలుగు కూలీలు, నాలుగు చార్జీలు. రెండో విడతకే చాలామంది ఆగిపోవడానికి ఇది కూడా కారణమే, అశ్రద్ధ ఒక్కటే కాదు. మార్కాపురం వైద్య కళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయి చర్మ విభాగం నడిచే రోజు కోసం ఈ ప్రాంతం ఎదురుచూస్తోంది.

అప్పటిదాకా చేయగలిగింది ఒకటుంది. పశుసంవర్ధక శాఖకు నత్రజని తెచ్చి ఊరూరా జాడీలు నింపే ఏర్పాటు ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అదే సరఫరాలో నుంచి, వీర్యం గొట్టాలతో సంబంధం లేని వేరే జాడీలో, మూడు వారాలకొకసారి కొన్ని లీటర్లు మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వ ఆస్పత్రులకు ఇప్పించవచ్చు. పులిపిరి విడతల మధ్య ఉండాల్సిన ఎడం కూడా రెండు మూడు వారాలే. చర్మ డాక్టరు ఆ ఒక్క రోజు వస్తే చాలు, నింపిన ద్రవం వృథా కాకుండా పేర్లు రాయించుకున్న వాళ్లందరికీ సరిపోతుంది. సంత రోజు చూసి తేదీ పెడితే కొమరోలు, అర్ధవీడు, దోర్నాల నుంచి ఎలాగూ వచ్చేవాళ్లకు రెండో చార్జీ ఉండదు. అలాగని పశువుల ఆస్పత్రి జాడీలోని ద్రవాన్ని పులిపిరికి పెట్టించుకుంటామని ఎవరూ వెళ్లకూడదు, గోపాలమిత్రను అడగకూడదు. కొలత తెలియని చలి ఎముక దాకా పోతుంది, వేలి పక్కనున్న నరం దెబ్బతింటే నెలల తరబడి స్పర్శ రాదు. కావాల్సింది జిల్లా వైద్యాధికారి, పశుసంవర్ధక శాఖ అధికారి ఒక బల్ల దగ్గర కూర్చోవడం, ఒక చేతి స్ప్రే కొనడం, ఆస్పత్రి గోడ మీద తేదీ రాయించడం.